పగకు మనుషులు దొరకని ఊళ్ళు కావాలి

రాయలసీమలోని ముదిగుబ్బ చుట్టుపక్కల నేల గురించి బయటి లోకానికి రెండే విషయాలు తెలుసు: ఒకటి కరువు, రెండోది ఫ్యాక్షన్. కరువు ఎందుకొస్తుందో బడిపిల్లలు కూడా చెబుతారు. ఫ్యాక్షన్ ఎందుకొచ్చిందని అడిగితే మాత్రం సినిమాలు నేర్పిన జవాబే వినిపిస్తుంది. అది సీమ రక్తంలో ఉందట, పాలెగాళ్ళ నాటి పౌరుషమట. ఈ మాట తప్పు. అంతకన్నా ముఖ్యంగా, హానికరం. రక్తంలో ఉన్నదాన్ని ఎవరూ మార్చలేరు కాబట్టి ఎవరూ ఏమీ చేయనక్కర్లేదన్న తీర్పు అందులో దాగి ఉంది. ముఠా హింస కొందరికి లాభం తెచ్చే ఒక ఏర్పాటు. అది నడవాలంటే వయసులో ఉన్న మగపిల్లలు కావాలి. వాళ్ళు దొరికినన్నాళ్ళు పగ సాగుతుంది, దొరకనినాడు పగ మిగిలినా హత్యలు ఆగుతాయి. మన జిల్లాల చరిత్ర, ప్రపంచంలో యువత ముఠాల మీద జరిగిన పరిశోధన, రెండూ ఈ ముక్కే చెబుతున్నాయి.

పాలెగాళ్ళ సంగతి ముందు తేల్చుకుందాం. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807లో వెళ్ళిపోయేలోగా పాలెగాళ్ళ సాయుధ బలం చితికిపోయింది. మనకు తెలిసిన ఫ్యాక్షన్ ఆ తర్వాత చాలాకాలానికి వేరే నేలలో మొలిచింది. ఊరి పెత్తనం, పంచాయతీ ఎన్నికలు, సారా వేలంపాటలు, రోడ్ల కాంట్రాక్టులు, చివరికి అసెంబ్లీ సీట్లు దానికి ఎరువయ్యాయి. పౌరహక్కుల కోసం జీవితమంతా పనిచేసిన కె. బాలగోపాల్ సీమ ముఠాల మీద రాసినప్పుడు ఈ ఆర్థిక, రాజకీయ పునాదినే ఎత్తిచూపారు. ఊళ్ళో మనుషుల బలం ఉన్నవాడు ఆ బలంతో పట్నంలో కాంట్రాక్టు గెలిచాడు, కాంట్రాక్టు డబ్బుతో మరింతమంది మనుషుల్ని పోషించాడు. పార్టీలు వద్దనకపోగా పిలిచి టికెట్లిచ్చాయి.

పెనుకొండ, ధర్మవరం మధ్య ఊళ్ళు ఈ ఏర్పాటుకు కట్టిన మూల్యం అందరికీ తెలిసిందే. 1975లో పరిటాల శ్రీరాములును చంపారు. కొడుకు రవి అప్పటికి ఇరవై ఏళ్ళు నిండని కుర్రాడు. 1993లో మద్దెలచెరువులో టీవీలో అమర్చిన బాంబు పేలి ప్రత్యర్థి వర్గానికి చెందిన సూరి కుటుంబ సభ్యులు చనిపోయారు. 1997 నవంబరు 19న హైదరాబాద్‌లో రవిని గురిపెట్టిన కారుబాంబు 26 మందిని బలి తీసుకుంది, రవి మాత్రం బతికాడు. 2005 జనవరి 24న అనంతపురంలో తెలుగుదేశం పార్టీ ఆఫీసు ఆవరణలో ఆయన్ను కాల్చి చంపారు. 2011 జనవరి 3న హైదరాబాద్‌లో సూరి హత్యకు గురయ్యాడు. 36 ఏళ్ళ ఈ వరుసలో నాయకుల పేర్లు మనకు గుర్తున్నాయి. వాళ్ళ వెంట నడిచి చచ్చిన, చంపిన, జైలుకెళ్ళిన కుర్రాళ్ళ పేర్లు వాళ్ళ ఊళ్ళు దాటి ఎవరికీ తెలియవు. ముఠా హింసను అర్థం చేసుకోవాలంటే చూడాల్సింది వాళ్ళ వైపే.

ఆ కుర్రాడికి ఏం దొరికింది? మొదటిది రక్షణ. ఊరు రెండు వర్గాలుగా చీలినప్పుడు ఏ వర్గంలోనూ లేనివాణ్ణి ఇద్దరూ అనుమానిస్తారు, కాబట్టి ఒకవైపు చేరడమే క్షేమమనిపిస్తుంది. రెండోది కూడు. వేరుశనగ విత్తి, వాన రాక, కట్టె కూడా ఇంటికి చేరని ఏడాదిలో నాయకుడి ఇంటి భోజనం, చేతి ఖర్చు చిన్న విషయాలు కావు. మూడోది మర్యాద. బడి మానేసి ఇంట్లో పనికిరానివాడనిపించుకున్న పిల్లవాణ్ణి ‘ఫలానా అన్న మనిషి’ అన్న పేరు బజారులో నాలుగడుగులు ఎత్తుకు లేపుతుంది. ఇక ఒక్క కేసు పడితే ముడి బిగుసుకుంటుంది. వాయిదా రోజున పొద్దున్నే బస్సెక్కి కోర్టుకు పోవాలి, పిలుపు కోసం మధ్యాహ్నం దాకా వేపచెట్టు కింద కూర్చోవాలి, మళ్ళీ ఇంకో తారీఖు రాయించుకుని తిరిగి రావాలి. ఆ రోజు కూలి పోయినట్టే. వకీలు ఫీజు, జామీనుదారులు, దారి ఖర్చులు అన్నీ నాయకుడివే. ఇన్ని బాకీలు మోస్తున్నవాడు మరునాడు నాయకుడు కొడవలి పట్టమంటే కాదనలేడు. బయటివాళ్ళు పౌరుషమని పిలిచేది చాలాసార్లు ఈ బాకీనే.

ప్రపంచంలో వేరే నగరాల్లో జరిగిన పరిశోధన ఈ చిత్రాన్ని బలపరుస్తుంది. అమెరికాలోని రోచెస్టర్‌లో టెరెన్స్ థార్న్‌బెరీ బృందం 1988 నుంచి సుమారు 1,000 మంది బడిపిల్లలను ఏళ్ళ తరబడి గమనించింది. ముఠాలో ఉన్న కాలంలో పిల్లల నేరాలు బాగా పెరిగాయి, బయటికి వచ్చాక తగ్గాయి. అంటే ముఠా కేవలం పుట్టు దుర్మార్గులు పోగయ్యే చోటు కాదు, మామూలు పిల్లవాణ్ణి హింసకు దించే చోటు కూడా. ఎక్కువమంది అందులో ఉన్నది ఏడాది, రెండేళ్ళే. బోస్టన్‌లో 1990లలో పరిశోధకులు లెక్కతీస్తే 61 ముఠాల్లోని సుమారు 1,300 మంది, ఆ వయసు యువతలో నూటికి ఒక్కరు కూడా లేని గుంపు, యువకుల హత్యల్లో కనీసం 60 శాతానికి కారణమని తేలింది. హత్యల వెనుక సాధారణంగా ముఠాల మధ్య పాత పగలే ఉన్నాయి. ఇంత చిన్న గుంపు చుట్టూ ఇంత రక్తం ఉందంటే, ఊరి పిల్లలందర్నీ అనుమానించడం ఎంత వృథానో, ఆ కొద్దిమందిని పట్టించుకోవడం ఎంత ఫలవంతమో అర్థమవుతుంది.

పేదరికమే కారణమైతే పేదపిల్లలంతా ముఠాల్లో చేరాలి కదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కరువు మండలాల్లో చాలా ఎక్కువమంది పిల్లలు కొడవలి ముట్టలేదు, వలసపోయో, అప్పుచేసో బతికారు. ఫ్యాక్షన్ నాయకుల్లో పేదవాళ్ళూ తక్కువే. పేదరికం తనంతట తాను హింసను పుట్టించదు. హింసను నడిపేవాడికి మనుషుల్ని చవగ్గా దొరికేలా చేస్తుంది. అందుకే ఆ ధర పెంచిన ప్రతి పనీ హింసను తగ్గిస్తుంది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది ఈ ప్రాంతంలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ తర్వాత దేశంలో దాని ఫలితాలను కొలిచిన పరిశోధకుల్లో థీమో ఫెట్జర్ ఒక ముఖ్యమైన సంగతి కనుక్కున్నాడు. అంతకుముందు వానలు ఎగ్గొట్టిన ఏడు సాయుధ హింస పెరిగేది, ఉపాధి హామీ వచ్చాక ఆ లంకె బాగా సడలింది. మరో అధ్యయనం, పథకం సరిగా అమలైన ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాల్లోనే మావోయిస్టు హింస తగ్గిందని చూపింది. నక్సలైట్ పోరాటమూ ఫ్యాక్షనూ ఒకటి కావు. కానీ వాన పోయిన ఏడాది చేతిలో పనిలేని కుర్రాడు రెండింటికీ సులువుగా దొరికేవాడే.

అయితే కూలి ఒక్కటే చాలదు. షికాగోలో హింస ఎక్కువగా ఉన్న 13 బడుల పిల్లలు 1,634 మంది మీద సారా హెల్లర్ చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. అందులో లాటరీ తీసి కొందరికి వేసవిలో 8 వారాల పని ఇచ్చారు, పక్కన ఒక పెద్దమనిషిని తోడు పెట్టారు. తర్వాతి 16 నెలల్లో పని దొరికినవాళ్ళలో హింసాత్మక నేరాల అరెస్టులు 43 శాతం తగ్గాయి. ఆ తగ్గుదల ఎక్కువగా పని అయిపోయాకే కనిపించింది. కాబట్టి ఇది తీరికలేక కొట్టుకోకపోవడం కాదు. సమయానికి రావడం, మాటపడ్డా తమాయించుకోవడం, తనను నమ్మిన పెద్దల ముందు పరువు నిలుపుకోవడం అలవాటై ఉండవచ్చు. ఆఫ్రికాలోని లైబీరియా రాజధాని మన్రోవియాలో దొంగతనాలకు, కొట్లాటలకు అలవాటుపడిన 999 మంది యువకులతో ఇంకో ప్రయోగం జరిగింది. కోపం వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించడం, పాత గుంపుకు దూరంగా మసలడం 8 వారాలు సాధన చేయించారు, కొందరికి దాంతోపాటు 200 డాలర్లు ఇచ్చారు. పదేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే, రెండూ అందినవాళ్ళలో నేరాలు సుమారు సగానికి తగ్గి అలాగే నిలిచాయి. మనసుకు తర్ఫీదు, బతకడానికి ఆసరా జంటగా అందితేనే ఫలితం ఇంతకాలం నిలిచింది.

ఇక్కడ పెద్ద ఆక్షేపణ ఒకటి వస్తుంది. ఈ బుజ్జగింపులెందుకు, భయం ఉంటే చాలదా అని. శిక్ష అక్కర్లేదని ఈ పరిశోధనలేవీ చెప్పడం లేదు. శిక్ష ఎంత కఠినమైనదన్న దానికన్నా ఎంత ఖాయంగా పడుతుందన్నదే నేరాన్ని ఆపుతుందన్నది దశాబ్దాల అధ్యయనాల సారం. ఫ్యాక్షన్‌కు ప్రాణం పోసింది చట్టంలో కాఠిన్యం లేకపోవడం కాదు, సాక్షులు అడ్డం తిరగడం, కేసులు ఏళ్ళ తరబడి నానడం, చివర్లో ‘రాజీ’ పేరుతో చచ్చినవాడి లెక్క తేల్చేయడం. కేవలం బెదిరింపు బెడిసికొడుతుందనడానికీ రుజువులున్నాయి. తుంటరి పిల్లల్ని జైలుకు తీసుకెళ్ళి ఖైదీల చేత భయపెట్టించే కార్యక్రమాలు అమెరికాలో పేరు పొందాయి. వాటి ఫలితాలన్నిటినీ క్రోడీకరిస్తే, వెళ్ళిన పిల్లలే తర్వాత ఎక్కువ నేరాలు చేశారని తేలింది. ఎల్ సాల్వడార్‌లో 2003లో మొదలైన ఉక్కుపిడికిలి విధానం కుర్రాళ్ళను గంపగుత్తగా జైళ్ళలో కుక్కితే, ఆ జైళ్ళే ముఠాలకు పాఠశాలలయ్యాయి. 2022 నుంచి అక్కడ అత్యయిక స్థితి పెట్టి వేలాదిమందిని లోపల వేశాక హత్యలు బాగా తగ్గిన మాట నిజమే. కానీ విచారణ లేకుండా ఏళ్ళ తరబడి నిర్దోషులు కూడా మగ్గే ఆ దారి ప్రజాస్వామ్యంలో మనం కోరుకోదగింది కాదు. 1996లో మొదలైన బోస్టన్ ప్రయత్నం వేరే దారి చూపింది. పోలీసులు, మతపెద్దలు, వీధుల్లో పనిచేసే కార్యకర్తలు కలిసి ముఠా సభ్యులను కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పారు: ఇకపై ఒక్క హత్య జరిగినా మీ గుంపు మొత్తం మీద చట్టం పడుతుంది, మానుకుంటామంటే చదువుకూ పనికీ మేం సాయం చేస్తాం. యువకుల హత్యలు 63 శాతం తగ్గాయి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో 2005 నుంచి ఇలాంటి దారిలోనే నడిచింది.

అమెరికా సంగతులు ముదిగుబ్బకు ఎలా పనికొస్తాయన్నది రెండో ఆక్షేపణ. అచ్చుగుద్దినట్టు పనికిరావు. అక్కడి వీధి ముఠాలో చాలావరకు తోటివయసు కుర్రాళ్ళే ఉంటారు, మన ఫ్యాక్షన్‌లో పైన పెద్దమనిషి, ఆ పైన పార్టీ ఉంటాయి. కాబట్టి ఇక్కడ కుర్రాడికి కౌన్సెలింగ్ ఇచ్చి, కేసులున్న నాయకుడికి టికెట్ ఇస్తే చేసిందంతా వృథా. అయినా అసలు సూత్రం మన అనుభవంలోనూ నిలిచింది. కర్నూలు జిల్లా కప్పట్రాళ్ళలో 2008 నాటి హత్యాకాండకు న్యాయస్థానం శిక్షలు వేసింది. ఆ తర్వాత అప్పటి జిల్లా ఎస్పీ ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకుని బాగోగులు చూశారు. శిక్ష, ఆసరా ఒకే ఊరికి వరుసగా అందాయి. మన జిల్లాలో కూడా ఫ్యాక్షన్ తగ్గుముఖం పట్టిన కాలమూ, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పల్లె పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీలకు పోయిన కాలమూ, బెంగళూరు వలసలు పెరిగిన కాలమూ దాదాపు ఒకటే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవడం 2019లో మొదలైంది, అప్పటికే ఈ మార్పు చాలా దూరం వచ్చింది. ఒక్క కారణమే దీన్నంతా సాధించిందని అనలేం. కానీ రక్తం మాత్రం మారలేదు కదా, మారింది కుర్రాళ్ళ ముందున్న దారులే.

ఫ్యాక్షన్ పోయింది కదా, ఇంకా ఈ చర్చెందుకంటే, రక్షణ, డబ్బు, పేరు అన్న ఆ మూడు ఎరలు ఎక్కడికీ పోలేదు. 2020 మే చివర్లో విజయవాడ పటమటలో రెండు గుంపులు కర్రలు, కత్తులతో పట్టపగలు కొట్టుకున్నాయి, ఒక గుంపు నాయకుడు ప్రాణాలు కోల్పోయాడు. మూలం ఒక అపార్ట్‌మెంట్ సెటిల్‌మెంట్. అందులో చదువుకునే కుర్రాళ్ళూ ఉన్నారు. ఊరి పెత్తనం స్థానంలో రియల్ ఎస్టేటు వచ్చింది, రచ్చబండ మీద దొరికే పేరు ఇప్పుడు ఫోన్‌లో వీడియోలతో దొరుకుతోంది. రోడ్లు పడి భూముల ధరలు పెరిగే ప్రతి చిన్న పట్టణంలో, ముదిగుబ్బతో సహా, సెటిల్‌మెంట్లకు మనుషుల్ని వెతికేవాళ్ళు పుట్టుకొస్తారు.

కాబట్టి చేయాల్సింది ఇప్పుడే, అదీ గురిచూసి చేయాలి. దెబ్బలు తిన్న కుర్రాడు బత్తలపల్లి ఆసుపత్రిలోనో ధర్మవరం ఆసుపత్రిలోనో పడుకున్న గంటల్లోనే ప్రతీకారం ఆలోచన రూపం తీసుకుంటుంది. ఆ మంచం పక్కకు స్నేహితులకన్నా ముందు తర్ఫీదు పొందిన మనిషి ఒకరు చేరాలి. తొమ్మిదో తరగతిలో బడికి రావడం మానేసిన పిల్లవాడి ఇంటికి ఆ వారంలోనే పంతులు వెళ్ళాలి. రౌడీషీటు ఉన్నవాడికి స్టేషన్‌లో సంతకంతోపాటు పని చూపించే బాధ్యతా ఎవరో ఒకరు తీసుకోవాలి. వేసవిలో పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు పని నేర్పే శిబిరాలు పెట్టాలి, ముందుగా కేసుల అంచున ఉన్నవాళ్ళను పిలవాలి. సాక్షికి రక్షణ, కేసుకు త్వరిత విచారణ కావాలి. అన్నిటికన్నా ముందు, మనుషుల్ని పోషించే నాయకుడికి ఓటు వేయకుండా ఉండే ధైర్యం మనకు కావాలి. ఈ పనుల్లో ఏదీ మన శక్తికి మించింది కాదు. వీటి ఖర్చంతా కలిపినా ఒక హత్యకేసు రెండు కుటుంబాలను ఇరవై ఏళ్ళు నమిలేసే ఖర్చు ముందు తక్కువే. పగ పుట్టకుండా ఆపడం ఎవరి తరమూ కాకపోవచ్చు. దానికి మన పిల్లల్ని దొరకనివ్వకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉన్న పనే.