సెకనులో ఐదోవంతు

“చలికి అలవాటు పడ్డాడు, వంట నేర్చుకున్నాడు. క్లాసులో మాత్రం నోరు తెరవలేకపోతున్నానమ్మా అంటున్నాడు. చెప్పాల్సింది మనసులో కూర్చుకునేలోపే మాట ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోతోందట.”

సికింద్రాబాద్ పద్మారావునగర్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరంలోని మాటలివి. అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లి మూడో నెల. బయల్దేరే ముందు కన్సల్టెన్సీ వాళ్లు పిల్లలందరినీ కూర్చోబెట్టి తెర మీద ఒక గీత చూపించారట. మొదట సంబరం, రెండు మూడు నెలలకి దిగులు, ఏడాది తిరిగేసరికి అంతా మామూలు. దాన్ని కల్చర్ షాక్ అంటారని చెప్పారు. “ఆ గీత ఎప్పుడు పైకి లేస్తుంది?” అని ఆవిడ అడుగుతున్నారు.

ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. 2023-24లో అమెరికాలో చదువుతున్న మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత చైనాను దాటి మొదటి స్థానానికి రావడం అదే తొలిసారి. 2008 నుంచి 2023లో నానక్‌రామ్‌గూడకు మారేదాకా అమెరికా కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్‌లోనే ఉండేది. చేతిలో ఫైలు, పక్కన అమ్మానాన్నలతో వీసా కోసం అక్కడ నిలబడ్డ పిల్లలను ఆ దారిన పోయేవాళ్లంతా చూసినవారే.

ఉత్తరంలో రెండు సంగతులున్నాయి. గీత గురించి అడిగింది ఒకటి. మాట అందడం లేదన్న బాధ రెండోది. అసలు విజ్ఞానమంతా ఈ రెండోదాంట్లోనే ఉంది. ముందు ఆ గీత సంగతి తేల్చేస్తాను.

కల్చర్ షాక్ అనే మాటను లోకమంతా వాడేలా చేసినవాడు కాలెర్వో ఒబెర్గ్. ఫిన్లాండ్ నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులకు కెనడాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1954 ఆగస్టులో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, అక్కడ కాపురముంటున్న మహిళల క్లబ్బులో ఆయన ఒక ప్రసంగం చేశారు. పరాయి దేశంలో మనిషిని కుంగదీసేది పెద్ద పెద్ద తేడాలు కావు, రోజువారీ మెలగడంలో మనకు తెలియకుండానే ఆధారపడే చిన్న చిన్న గుర్తులు కనబడకుండా పోవడమే అన్నది అందులో ముఖ్యమైన మాట. 1960లో అది అచ్చయింది. ఈ మాటలో ఆయన చూపు ఎంత సూటిదో ముందు ముందు తెలుస్తుంది. కానీ అదే ప్రసంగంలో సంబరం, సంక్షోభం, కోలుకోవడం, సర్దుకోవడం అని నాలుగు దశలు కూడా చెప్పారు. జనం ఆ దశలను పట్టుకుని అసలు మాటను వదిలేశారు.

ఆ దశలకు గీత రూపం వచ్చింది 1955లో, నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్ వల్ల. అమెరికాలో ఫుల్‌బ్రైట్ సహాయంతో ఉండి వచ్చిన 200 మంది నార్వేవాళ్లను ఆయన ప్రశ్నించారు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు బాగానే ఉన్నారు, ఆరు నుంచి పద్దెనిమిది నెలలు ఉన్నవాళ్లు ఇబ్బంది పడ్డారు, అంతకు మించి ఉన్నవాళ్లు మళ్లీ బాగున్నారు. మూడు చుక్కలూ కలిపితే ఇంగ్లీషు అక్షరం ‘యు’ వచ్చింది.

ఆ మూడు చుక్కలూ ఒకే మనుషులవి కావు. మూడు వేర్వేరు గుంపులవి. ఏడాదిన్నర దాటి ఉండిపోయినవాళ్లు అక్కడ కుదురుకున్న తర్వాత సుఖపడ్డారో, సుఖపడేవాళ్లే అంతకాలం ఉన్నారో ఆ లెక్కలోంచి చెప్పలేం. పైగా అడిగింది వాళ్లు ఇంటికి తిరిగొచ్చాక, జ్ఞాపకం మీద. ఇంత బలహీనమైన పునాది మీద లేచిన గీత 1963లో రెట్టింపయి, స్వదేశానికి తిరిగొచ్చాక పడే రెండో దిగులుతో కలిసి ‘డబ్ల్యు’ అయింది. శిక్షణ పుస్తకాల్లో చోటు సంపాదించుకుంది. 1998లో కొలీన్ వార్డ్, ఆమె సహచరులు న్యూజిలాండ్ వచ్చిన 35 మంది జపాన్ విద్యార్థులను, చేరిన రోజు నుంచి ఏడాది దాకా, అవే ప్రశ్నలతో మళ్లీ మళ్లీ పలకరించారు. బాధ అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది దిగిన కొత్తలోనే. సంబరమంటూ ఏమీ లేదు. తర్వాత మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చింది. 2015లో డీమ్స్, గీరార్ట్ అనే ఇద్దరు 50 దేశాలకు వెళ్లిన దాదాపు 2,500 మంది విద్యార్థులను ప్రయాణానికి ముందు నుంచీ అనుసరించి చూస్తే ఒక గీత కాదు, రకరకాల గీతలు కనిపించాయి. పెద్దగా కుంగని వాళ్లు కూడా ఎంతోమంది ఉన్నారు. కాబట్టి అమ్మా, మూడో నెల గండమేమీ లేదు. ఆ గీత కోసం ఎదురుచూడకండి.

ఇక అసలు సంగతి. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఒకరు ఆపడానికీ ఇంకొకరు అందుకోవడానికీ మధ్య ఖాళీ ఎంత?

2009లో తాన్యా స్టైవర్స్, స్టీఫెన్ లెవిన్సన్ తదితరులు దీన్ని పది భాషల్లో కొలిచారు. జపనీస్, కొరియన్, డేనిష్, ఇటాలియన్, లావో మొదలుకొని మెక్సికోలోని మాయా భాష ఒకటి, పాపువా న్యూగినీకి చెందిన ఒక దీవి భాష దాకా. అవును, కాదు అని జవాబు చెప్పదగిన ప్రశ్నలను మామూలు కబుర్ల రికార్డింగుల్లోంచి ఏరి, జవాబు ఎంతసేపటికి మొదలైందో మిల్లీసెకన్లలో చూశారు. సగటు దాదాపు 200 మిల్లీసెకన్లు. అంటే సెకనులో ఐదోవంతు. అందరికంటే త్వరగా అందుకునే జపనీయుల సగటు 7 మిల్లీసెకన్లు. అందరికంటే నెమ్మదైన డేన్‌లది 469. ఉత్తర ఐరోపావాళ్లు ప్రశ్న అడిగితే ఎంతోసేపు మౌనంగా ఉండి జవాబిస్తారని అంతకుముందు పండితులు రాసేవారు. కొలిచి చూస్తే ఆ మహా మౌనం అర సెకను కూడా లేదు!

వాళ్లు అబద్ధం రాయలేదు, వాళ్ల చెవికి అలాగే వినిపించింది. మన భాష లయకు చెవి ఎంత గట్టిగా అలవాటు పడుతుందంటే, అందులో పావు సెకను తేడా వచ్చినా మెదడు దాన్ని ఆలస్యంగా లెక్కగట్టదు. విముఖతగానో, అనుమానంగానో, పొగరుగానో లెక్కగడుతుంది. ఒబెర్గ్ చెప్పిన చిన్న గుర్తులు ఇలాంటివే. ఆయన చేతిలో కొలిచే సాధనం లేదు, అంతే.

ఆ 200 పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. ఒక బొమ్మ చూపించి పేరు చెప్పమంటే, చూసిన క్షణం నుంచి నోట్లోంచి మాట మొదలవడానికి దాదాపు 600 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్క మాటకే అంత. మరి ఎదుటివాళ్లు ఆపాక 200కే జవాబు ఎలా మొదలవుతోంది? ఒకటే దారి ఉంది. వాళ్లు ఇంకా మాట్లాడుతుండగానే, వాక్యం ఎక్కడ ముగుస్తుందో ముందే లెక్కగట్టి, లోపల జవాబు తయారు చేసుకుంటున్నాం. ప్యాట్నీ సెంటర్‌లో కదులుతున్న సిటీబస్సు ఎక్కేవాడు అది దగ్గరికి రాకముందే పరుగు అందుకున్నట్టు. వినడం, ఊహించడం, కూర్చడం మూడూ ఒకేసారి జరుగుతాయి. మనం పక్కింటావిడతో ముచ్చట పెట్టుకునే ప్రతిసారీ ఇది జరుగుతోంది. నాకు ఇంతకు మించిన అద్భుతం మరొకటి కనబడదు.

ఆ ముగింపును దేన్ని బట్టి ఊహిస్తాం? మాట చివర గొంతు దిగడం, చూపు తిప్పడం లాంటి సైగలను బట్టి అని 1970లలో కొందరు వాదించారు. 2006లో డి రైటర్, మిటరర్, ఎన్‌ఫీల్డ్ అనే పరిశోధకులు డచ్ సంభాషణలతో ఒక చక్కని పరీక్ష చేశారు. వినేవాళ్లు, ఎదుటివాడి మాట ముగుస్తుందనుకున్న క్షణాన బటన్ నొక్కాలి. గొంతులోని హెచ్చుతగ్గులను చదును చేసి, మాటలు మాత్రం ఉంచి వినిపిస్తే, బటన్ సరిగ్గా ముగింపు దగ్గరే పడింది. హెచ్చుతగ్గులు ఉంచి మాటలు తెలియకుండా మసక చేస్తే, గురి తప్పింది. ముగింపును పట్టిచ్చేది ప్రధానంగా మాటలూ వాక్య నిర్మాణమూ.

క్రియ వాక్యం చివర వచ్చే భాషలవాళ్లకు ఇది కష్టమేమో అనిపిస్తుంది. అవునో కాదో చివరి ముక్క వినేదాకా తేలదు కదా. తెలుగులో అంతే. జపనీస్‌లోనూ అంతే. కానీ పదింటిలోకీ త్వరగా అందుకునేది జపనీయులే. సొంత భాషలో ఏ నిర్మాణాన్నయినా మెదడు ముందుగానే చదివేస్తుంది.

చిక్కంతా పరాయి భాషలో. మన అబ్బాయికి ఇంగ్లీషు వచ్చు, మార్కులు కూడా బాగా వచ్చాయి. కానీ క్లాసులో అమెరికా పిల్లలు సగం మింగేసి, జాతీయాలు కలిపి మాట్లాడే వాక్యం ఎక్కడ ఆగుతుందో ఊహించడానికి అతనికి కొంచెం ఎక్కువ సమయం కావాలి. జవాబు కూర్చుకోవడానికి మరికొంచెం. రెండూ కలిపి అర సెకను అనుకోండి. ఆ అర సెకనులో పక్కవాడు అందుకున్నాడు. అతనికి తెలివి తక్కువా కాదు, ధైర్యం తక్కువా కాదు. పరుగు ఆలస్యంగా మొదలైంది.

ఈ అన్యాయం రెండో భాష మాట్లాడేవాళ్లకే కాదు, ఒకే ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల మధ్యా జరుగుతుంది. అలాస్కాలోని అథబాస్కన్ తెగవాళ్లు మాటకూ మాటకూ మధ్య ఇంగ్లీషువాళ్ల కంటే కాస్త ఎక్కువ ఆగుతారని 1980 ప్రాంతంలో రాన్ స్కాలన్, సుజాన్ స్కాలన్ గమనించారు. వాళ్లు అందుకునేలోపే ఇంగ్లీషువాళ్లు ‘ఇక చెప్పడానికేం లేదేమో’ అనుకుని మళ్లీ మొదలుపెట్టేవారు. అథబాస్కన్లు ముభావులని ఇంగ్లీషువాళ్లూ, ఇంగ్లీషువాళ్లు వదరుబోతులని అథబాస్కన్లూ తీర్మానించుకున్నారు. దీనికి సరిగ్గా ఎదురు పక్క డెబొరా టానెన్ చూపించింది. 1978లో ఒక విందు సంభాషణను రికార్డు చేసి ముక్క ముక్క విడదీసి చూసింది. న్యూయార్క్‌వాళ్లు ఎదుటివాళ్ల మాట పూర్తికాకుండానే పైన పడి మాట్లాడేవారు. వాళ్ల మధ్య అది ఆప్యాయత. కాలిఫోర్నియా వాళ్లకు మాత్రం అది అడ్డు తగలడం. మన పెళ్లిభోజనాల బంతిలో కూర్చున్న ఎవరికైనా న్యూయార్క్‌వాళ్లు చుట్టాల్లా అనిపిస్తారు.

కాలం ఒక్కటే కాదు, శ్రుతి కూడా మోసం చేస్తుంది. దీనికి జాన్ గంపెర్జ్ కథ చెప్పకుండా ఉండలేను. జర్మనీలో యూదుల ఇంట పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరి, రసాయనశాస్త్రం చదివి, తర్వాత భాషాశాస్త్రానికి మళ్లినవాడు. మన దేశపు పల్లెల్లో ఏళ్ల తరబడి పని చేశాడు. 1970లలో లండన్ హీత్రూ విమానాశ్రయం సిబ్బంది క్యాంటీన్‌లో కొత్తగా చేరిన భారత, పాకిస్తాన్ మహిళల మీద ఫిర్యాదులొచ్చాయి. విసుగ్గా, పొగరుగా ఉంటారని. వాళ్లు రోజంతా మాట్లాడేది పట్టుమని పది మాటలు కూడా కాదు! గంపెర్జ్ రికార్డు చేసి వింటే తెలిసింది. మాంసం వడ్డించాక పులుసు కావాలా అని అడగడానికి ఇంగ్లీషు ఆవిడ “గ్రేవీ?” అని గొంతు పైకి లేపేది. మన ఆవిడ “గ్రేవీ.” అని కిందికి దించేది. ఆవిడ లెక్కలో అది మర్యాదగా అడగడమే. వినేవాడి లెక్కలో ‘ఇదిగో, ఇష్టముంటే తిను’ అన్నట్టు. రెండు రికార్డులూ పక్కపక్కన వినిపిస్తే మొదట ఆ మహిళలకు తేడాయే తెలియలేదు. వివరించాక తెలిసింది. తమను అందరూ అదోలా ఎందుకు చూస్తున్నారో అప్పటికి అర్థమైంది. ఇటు పైఅధికారులూ తెలుసుకున్నారు, తాము పొగరు అనుకున్నది వాళ్ల మామూలు అడిగే తీరని. ఆ మనస్పర్థలకు మూలం ఒక్క మాటలో దిగిన గొంతు.

తెలుగులో ప్రశ్న పనిని ‘వస్తావా’, ‘కావాలా’ల చివరి దీర్ఘం చేసేస్తుంది. క్రియ లేని ఒంటరి ఇంగ్లీషు మాట ముందు మనం నిరాయుధులమవుతాం.

ఇదంతా ఎక్కడో పడమటి గదుల్లో జరిగిన పరిశోధన అనుకోకండి. సికింద్రాబాద్‌కు ఆనుకునే ఉన్న సంస్థలో, అప్పటి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌లో, ఇప్పటి ఇఫ్లూలో, ఆర్.కె. బన్సల్ 1960లలోనే భారతీయుల ఇంగ్లీషు బయటివాళ్లకు ఎందుకు అర్థం కాదో పరీక్షించారు. 1969లో పుస్తకంగా వచ్చింది. అందరూ అక్షరాల ఉచ్చారణ సరిదిద్దుకోమంటుంటే, మాటలో ఏ భాగాన్ని నొక్కి పలకాలో తప్పడం పెద్ద కారణాల్లో ఒకటని ఆయన చూపించారు. అర్ధశతాబ్దం గడిచినా మన పిల్లలను ఇంకా ‘వి’, ‘డబ్ల్యు’ తేడా దగ్గరే నిలబెడుతున్నారు.

ఉపయోగం గురించి అడిగేవాళ్ల కోసం రెండు మాటలు. ఆలస్యమవుతున్నది తన పరుగేనని తెలిసినవాడు, ఎదుటివాళ్ల వాక్యం మధ్యలోనే చెయ్యి ఎత్తవచ్చు, ఊపిరి పీల్చి ముందుకు వంగవచ్చు, జవాబు తయారుగా లేకపోయినా ఒక చిన్న మాట వేసి వంతు పట్టుకోవచ్చు. “వెల్...” అంటూ సాగదీసే అమెరికా పిల్లలు చేస్తున్నది అదే. రెండోది: వాక్యం ముగింపును పట్టే ఊహ వినడం వల్లే పదునెక్కుతుంది. కాబట్టి సెలవు రోజు మనవాళ్ల గదిలోనే గడపకుండా, ఆ పిల్లల కబుర్ల మధ్య ఊరికే కూర్చున్నా లాభమే. పేపర్ల కట్ట, లగేజీ బరువు, బ్యాంకు ఖాతా గురించి గంటల తరబడి చెప్పే ఓరియెంటేషన్లలో దీనికి పది నిమిషాలు కేటాయించడం ఎవరికీ తట్టదు. పాడుబడ్డ గీత మాత్రం తప్పకుండా చూపిస్తారు.

కొలిచిన ఆ పది భాషల్లో తెలుగు లేదు. ద్రావిడ భాష ఒక్కటి కూడా లేదు. 1806లో కంటోన్మెంటుగా మొదలై, తమిళులు, గుజరాతీలు, పార్సీలు, ఆంగ్లో-ఇండియన్లు వచ్చి స్థిరపడిన ఊరు మన సికింద్రాబాద్. మోండా మార్కెట్‌లో ఒకే కొట్టు ముందు తెలుగు, దక్కనీ ఉర్దూ, తమిళం, హిందీ నిమిషం తేడాలో నాలుగు లయల్లో వినిపిస్తాయి. ఒకరి మాట మీద ఒకరు పడే బేరగాళ్లూ, ఆగి ఆగి చెప్పే పెద్దవాళ్లూ అక్కడే ఉంటారు. ఆ లయలను కొలవడానికి రెండు మైకులు, మిల్లీసెకన్లు చదివే ఉచిత సాఫ్ట్‌వేరు, ఓపిక ఉన్న ఇద్దరు విద్యార్థులు చాలు. ఇఫ్లూ ఉన్న తార్నాక నుంచి మోండాకు బస్సులో అరగంట.