బాలింత కన్నీళ్లను ఏలీలా చూడొద్దు

షిలోహు మందిరంలో హన్నా ప్రార్థిస్తున్నప్పుడు ఆమె పెదవులు కదిలాయి గాని స్వరం వినబడలేదు. అది చూసిన యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. జీవితమంతా దేవుని సన్నిధిలో గడిపిన మనిషికే మనోవేదనకూ మత్తుకూ తేడా తెలియలేదు. అయితే ఏలీలో ఒక మంచి ఉంది. ఆమె తన సంగతి చెప్పుకుంటే విన్నాడు, విన్నాక తన మాట మార్చుకున్నాడు.

హన్నా ఏడ్చింది బిడ్డ లేక. బిడ్డను ఒడిలో పెట్టుకొని ఏడ్చే తల్లులు కూడా మన సంఘాల్లో ఉన్నారు. బిడ్డను ప్రతిష్ఠించే ఆదివారం అందరి ముఖాలూ వెలుగుతుంటాయి, తల్లి ముఖంలో మాత్రం నవ్వు ఉండదు. ప్రార్థన తగ్గిందని ఒకరు, దేవుడిచ్చిన బహుమానానికి కృతజ్ఞత లేదని ఇంకొకరు, ఏదో ఆత్మ పట్టిందని మరొకరు అంటారు. ఆమె శరీరంలో ఏం జరుగుతోందో ఎవరూ అడగరు.

గర్భం ధరించిన నెలల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే రెండు హార్మోన్లు మామూలు కంటే ఎన్నో రెట్లు పెరుగుతాయి. వాటిని ప్రధానంగా తయారుచేసేది మాయ. ప్రసవమై మాయ కూడా బయటికి వచ్చాక, కొద్ది రోజుల్లోనే అవి ఒక్కసారిగా పడిపోతాయి. ఇవి గర్భసంచికి మాత్రమే సంబంధించినవి కావు, మెదడు మీద కూడా పనిచేస్తాయి. ప్రొజెస్టెరాన్ నుంచి శరీరం తయారుచేసుకునే అల్లోప్రెగ్ననొలోన్ అనే పదార్థం మెదడులో ఆందోళనను అణచే వ్యవస్థకు బలమిస్తుంది. ప్రసవం తర్వాత అదీ తగ్గిపోతుంది. ఆ పదార్థాన్నే మందుగా చేసి, ప్రసవానంతర డిప్రెషన్ చికిత్స కోసం 2019లో అమెరికాలో అనుమతించారు.

ఇక్కడ ఇంట్లో పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "మేమూ కన్నాం, మాకు రాలేదే ఈ జబ్బు?" ప్రశ్న న్యాయమైనదే. అమెరికా పరిశోధకులు 2000లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో దీనికి జవాబు దొరుకుతుంది. గతంలో ప్రసవానంతర డిప్రెషన్ వచ్చిన 8 మంది స్త్రీలకూ, ఎన్నడూ రాని 8 మందికీ ఒకే రకంగా హార్మోన్లు పెంచి, తర్వాత ఆపేశారు. మొదటి గుంపులో 5 మందికి మనసు కుంగిపోయింది. రెండో గుంపులో ఒక్కరికీ అలా జరగలేదు. హార్మోన్ల మార్పు అందరికీ ఒక్కటే, దాన్ని తట్టుకునే తీరు మాత్రం మెదడును బట్టి వేరు. అత్తగారికి రాలేదంటే ఆమె విశ్వాసం ఎక్కువని కాదు, కోడలికి వచ్చిందంటే ఆమె విశ్వాసం తక్కువనీ కాదు.

ప్రసవమైన రెండు మూడు రోజులకు చాలామంది తల్లులకు ఊరికే ఏడుపు వస్తుంది, చిరాకు పడతారు. రెండు వారాల్లోపు అది దానంతటదే పోతుంది. విశ్రాంతి, తోడు ఉంటే చాలు. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, దేనిమీదా ఇష్టం లేకపోతే, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, తాను పనికిమాలిన తల్లినని అనుకుంటుంటే అది డిప్రెషన్ కావచ్చు. డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి రక్తపరీక్ష చేయించడం మంచిది. పాలిచ్చే తల్లులకు ఇవ్వదగిన మందులున్నాయి. సాక్ష్యం చెప్పడం కోసం వాటిని మధ్యలో ఆపేయమని ఏ దైవసేవకుడూ చెప్పకూడదు.

మూడోది అరుదు, వెయ్యి మంది బాలింతల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. నిద్రే ఉండదు, తికమక మాటలు, ఎవరో తనతో మాట్లాడుతున్నట్టు వినబడడం, బిడ్డ గురించి వింత నమ్మకాలు ఉంటాయి. మన సంఘాలు ఎక్కువ జాగ్రత్తపడవలసింది ఇక్కడే. ఆ స్వరాలను ఒకచోట ప్రవచనం అంటారు, మరోచోట దయ్యం అంటారు. ఉపవాస కూటంలో మూడు రోజులు కూర్చోబెడతారు. ఆ మూడు రోజుల్లో తల్లి ప్రాణానికీ బిడ్డ ప్రాణానికీ ముప్పు రావచ్చు. ఆమెను బిడ్డతో ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

అంతా హార్మోన్లదే అని చెప్పినా పొరపాటే. గోవాలో జరిపిన అధ్యయనం ఒకటి 2002లో వెలువడింది. మగబిడ్డ కావాలనుకున్న ఇంట్లో ఆడపిల్ల పుట్టడం, పేదరికం, భర్త కొట్టడం వంటివి తల్లి డిప్రెషన్‌తో ముడిపడి ఉన్నాయని అందులో తేలింది. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసి 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం ప్రసవానంతర డిప్రెషన్ సుమారు 22 శాతం తల్లుల్లో ఉంది. అంటే ఐదుగురిలో ఒకరు. ఆడపిల్ల పుట్టిందని విని "పోనీలే, ఈసారి బాబు పుడతాడు" అని ఓదార్చే సహోదరి, తెలియకుండానే ఆ తల్లి బరువు పెంచుతోంది.

ఏలీయా చెట్టు కింద పడుకొని చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు నిద్రపోనిచ్చాడు, దూతచేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు. స్త్రీల కూడిక ఆ పని చేయగలదు. వంతులవారీగా వెళ్లి బిడ్డను ఎత్తుకుంటే తల్లి నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోతుంది. పథ్యం పేరుతో కడుపు మాడ్చకుండా మంచి భోజనం పెట్టమని అమ్మమ్మకో నానమ్మకో చెప్పవచ్చు. పాస్టరమ్మగారు ఆమె పక్కన కూర్చొని, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగవచ్చు. అలా అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చాలామందికి చెప్పుకొనే అవకాశం వస్తుంది. ఆమె చెప్పిన సంగతిని మాత్రం మైకులో ప్రార్థన విన్నపంగా చదవకండి.

ఎవరిని అడగాలో తెలియని కుటుంబాలకు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. పగలైనా రాత్రైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ విడదీయకుండా కలిపి ఉంచి వైద్యం చేసే వార్డు కూడా ఉంది. బాలింతకు ఒంట్లో బాగాలేకపోతే ప్రతిష్ఠ ఆరాధనను నెల రోజులు వాయిదా వేయమని కాపరిగారే ముందుగా కబురు పంపవచ్చు. హన్నా కూడా సమూయేలు పాలు విడిచాకే షిలోహుకు తీసుకెళ్లింది.