ఫాల్ కుట్టించని చీర

‘ఐటీ కారిడార్ ఫ్యాషన్ మీద ముఖచిత్ర కథనం, గురువారానికల్లా ఇవ్వాలి’ అన్నారు ఎడిటర్. నలుగురిని ఆపి ‘మీకెలాంటి బట్టలిష్టం?’ అని అడిగితే పేజీ నిండుతుంది. కానీ ఆ ప్రశ్న మీద నాకు నమ్మకం లేదు. అందరూ ‘కంఫర్ట్ ముఖ్యమండీ’ అనే అంటారు. అందుకే ఖాజాగూడలో ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఇంటికెళ్లి బీరువా తెరిపించాను.

పరిశోధకులు దీన్ని వార్డ్‌రోబ్ స్టడీ అంటారు. బ్రిటన్‌లో సోఫీ వుడ్‌వర్డ్ ఇలా ఆడవాళ్ల బీరువాల ముందు కూర్చునే 2007లో ఓ పుస్తకం తెచ్చారు. ఉన్న ప్రతి బట్టా బయటికి తీయాలి. ఎక్కడిది, ఎవరు కొన్నారు, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు, ఇంకా ఎందుకుంచారు... అన్నీ రాసుకోవాలి.

పై అరలో పాత కంపెనీల టీషర్టులు. ఇప్పుడవి ఇల్లు దులిపే రోజు బట్టలు. కింద ఓ పోచంపల్లి చీర. మూల పసుపు చుక్క లేదు, ఫాల్ కుట్టించలేదు. అంటే ఒక్కసారీ కట్టలేదన్నమాట. ‘అత్తయ్య పెట్టింది అక్కా. ఆ రంగు నాకు నప్పదు. ఎవరికైనా ఇచ్చేస్తే అడుగుతుంది’ అంది. ఏ సర్వే ఫారంలో ఉంటుంది ఈ జవాబుకి గడి?

అసలు సంగతి పెళ్లినాటి పట్టు జాకెట్టులో దొరికింది. లోపలివైపు తిప్పాం. పక్కకుట్టు దగ్గర టైలర్ వదిలిన బట్టలో పాత కుట్ల సూది బెజ్జాలు రెండు వరసలు, వాటికి బయటగా ఇప్పటి కుట్టు. ఇన్నాళ్లూ లోపలే ఉండిపోయిన పట్టు ఇంకా కొత్తగా మెరుస్తోంది.

యేల్ ఆచార్యుడు జూల్స్ ప్రౌన్ 1982లో ఓ వరస చెప్పారు: ముందు కనిపించింది రాయి, తర్వాత దాన్నుంచి తేల్చు, ఊహ ఆఖర్న. రెండుసార్లు వదులు చేయించారన్నది తేలిన విషయం. ఒళ్లు వచ్చిందనో కాన్పనో అనుకోవడం ఊహ. ఆమెనే అడిగాను. ‘ఒకసారి నాకు. రెండోసారి చెల్లెలికి, దాని ఎంగేజ్‌మెంట్‌కి వేసుకుంది’ అంది. ఒక జాకెట్టు, ఇద్దరు మనుషులు. బట్ట సగమే చెబుతుంది, మిగతా సగం మనిషి చెప్పాలి.

ఆ సగాన్ని వదిలేసినవాళ్లూ ఉన్నారు. 1866లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ మన దేశపు బట్టల నమూనాలు 700 అతికించి, 18 సంపుటాలుగా 20 సెట్లు చేయించాడు. 13 బ్రిటన్‌కి, 7 ఇక్కడికి. మన అభిరుచి కనిపెట్టి బ్రిటన్ మిల్లులు మనకే అమ్ముకోవాలన్నది ఎత్తుగడ. 1996లో ఏం కట్టుకోవాలన్న గుజరాత్ పల్లెవాసుల తర్జనభర్జనల మీద ఎమ్మా టార్లో, 2003లో చీర మీద ముకులికా బెనర్జీ, డేనియల్ మిల్లర్ రాసేసరికి కట్టుకునేవాళ్లు పుస్తకాల్లోకి వచ్చారు.

మీరూ చూడొచ్చు
• ఫాల్ అంచు చిరిగిందా? ఎక్కువగా కట్టిన చీర.
• మోచేతి దగ్గర, కాలర్ మడత దగ్గర నలుగుడు చూడండి.
• వేసుకోనివాటిని వేరే పెట్టి, ఎవరిచ్చారో రాయండి.

బీరువా లేనివాళ్లు
టవర్లు కట్టేచోట ఇటుకలు మోసే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుంటారు. ఎండకీ సిమెంటుకీ అదే కాపు. అది ఎవరి చొక్కా, ఎలా వచ్చిందీ అన్నది పని దిగే వేళ నిలబడి అడిగితేనే తెలుస్తుంది. బీరువాలు తెరిచే పద్ధతి వీళ్ల దాకా రాదు. కారిడార్ ఫ్యాషన్ లెక్కలో మాత్రం ఆ చొక్కా ఉండి తీరాలి.