పిలిస్తే వస్తుందా?

మీకొక అరబ్బీ గుర్రం ఉన్నదనుకోండి. అమెరికాలోని స్కాట్స్‌డేల్ నగరంలో ఏటా ఫిబ్రవరిలో జరిగే అరబ్బీ గుర్రాల ప్రదర్శనకు దాన్ని తీసుకుపోయారు. ఈ ప్రదర్శన 1955లో మొదలయింది.

మీ గుర్రం పెద్ద పొడగరేమీ కాదు. భుజాల దగ్గర అయిదడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, అంతే. కాని దాని ముఖం చూడండి! నుదురు ఉబ్బెత్తుగా ఉండి, కళ్ళ కింద ముక్కు కొంచెం లోపలికి వంగి ఉంటుంది. పరుగెత్తితే తోక జెండాలాగా పైకి లేస్తుంది.

ప్రదర్శనలో ఒక తమాషా పోటీ ఉన్నది. జీనూ, రౌతూ లేకుండా గుర్రాన్ని బరిలోకి వదిలేస్తారు. సంగీతం మొదలవుతుంది. నిమిషంన్నరసేపు అది ఇష్టం వచ్చినట్టు గెంతవచ్చు, దౌడు తీయవచ్చు. జనం చప్పట్లు కొట్టి, కేకలు వేసి దాన్ని మరింత హుషారు చేస్తారు. న్యాయనిర్ణేతలు దాని నడక, ఉత్సాహం, తోక ఎత్తే తీరూ గమనిస్తారు.

సంగీతం ఆగిందా, అసలు చిక్కు అప్పుడే! రెండు నిమిషాలలోగా దాన్ని పట్టుకుని తలకు పగ్గం తొడగాలి. లేకపోతే ఎంత అందంగా పరుగెత్తినా పోటీలోనుంచి తీసివేస్తారు.

తరిమి పట్టుకుందామా? మనిషి గుర్రాన్ని అందుకోగలడా! పూర్వం ఎడారిలో బెదూయిన్లు దొంగల భయంకొద్దీ తమ ఆడగుర్రాలను గుడారాలలోనే ఉంచుకునేవారు. మనుషులకు అంత మాలిమి అయిన జాతి ఇది. అందుచేత మీరు పరుగెత్తకండి. ఇసుకలో కదలకుండా నిలబడి, చెయ్యి చాచి, రోజూ పిలిచే పేరుతోనే పిలవండి.

అదుగో, చెవులు మీవైపు తిప్పింది. ఒక అడుగు వేసింది...