డాక్టరుగారూ, ఈవిడ కంట్లో గ్యాసుంది!

కిందటేడాది సంక్రాంతి నెలలో ఓ పొద్దున్న ముగ్గు పెడుతూ మా అత్తయ్యగారు, "అమ్మాయ్, ఎడమ కంట్లో ఈగలు తిరుగుతున్నట్టుందే, మధ్యమధ్య మెరుపులు కూడాను" అన్నారు. శుక్లమేమోలే, పండగ వెళ్ళాక చూపిద్దాం అన్నాను. తప్పు నాదే. నాలుగు రోజులకు, ఓ పక్కనుంచి నల్లటి తెర దిగుతోందన్నారు. పరుగెత్తాం. రెటీనా ఊడిందట.

కంటి వెనక గోడకు అతుక్కుని ఉండే పల్చటి పొరే రెటీనా. దానికి చిరుగు పడితే, అందులోంచి నీరు కిందికి చేరి పొరను ఊడదీస్తుంది. మధ్యభాగం మాక్యులా ఊడకముందే అతికిస్తే చూపు బాగా నిలుస్తుంది. ఆవిడకు అప్పటికే ఊడటం మొదలైంది.

"విట్రెక్టమీ చేయాలి, పూర్తి మత్తు అక్కర్లేదు" అనగానే ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "మెలకువగా ఉండగానే కన్ను కోస్తారా? నావల్ల కాదమ్మా!" మీకైనా నాకైనా వచ్చే భయమే కదా.

మత్తు డాక్టరు మాత్రం తీరిగ్గా కూర్చుని ప్రశ్నలడిగారు. గంటసేపు వెల్లకిలా కదలకుండా పడుకోగలరా? దగ్గుందా? ఆయాసముందా? చెవులు బాగా వినిపిస్తాయా? పిల్లలకు, వణుకున్నవాళ్ళకు, దగ్గు ఆగనివాళ్ళకు, కదలకుండా ఉండలేనివాళ్ళకు పూర్తి మత్తిస్తారు. మిగతావాళ్ళలో చాలామందికి కంటి చుట్టూ మొద్దుబారిస్తే చాలు. సూదితోనైనా ఇస్తారు, లేదా కంటి తెల్లభాగం మీది పొరకు చిన్న గాటు పెట్టి, మొన లేని వంపు గొట్టంతో మందు పంపుతారు. అత్తయ్యగారికి రెండోదే చేశారు. మయోపియా ఎక్కువున్నవాళ్ళ కనుగుడ్డు పొడుగ్గా ఉంటుంది కాబట్టి సూది పొరపాటున గుచ్చుకునే ప్రమాదం వాళ్ళకు ఎక్కువట. ఆవిడకు చిన్నప్పటినుంచీ సోడాబుడ్డి కళ్ళద్దాలే.

"లోపల వెలుగులు, పనిముట్ల నీడలు కనిపించొచ్చు, కంగారు పడకండి. దగ్గొస్తే తల కదపకుండా నర్సు చెయ్యి నొక్కండి" అని ముందే చెప్పారు. బయటికొచ్చాక ఆవిడ, "దీపావళి మతాబుల్లా ఉందే! నొప్పే తెలీలేదు" అన్నారు. ముందు చెప్పకపోయుంటే ఆ మతాబులకే హడలిపోయేవారు.

1970లలో ఈ ఆపరేషన్ మొదలైనప్పుడు రెండు మిల్లీమీటర్లకు పైగా గాటు పెట్టేవారట. 2002లో వచ్చిన 25 గేజి పనిముట్లకు అర మిల్లీమీటరు చిల్లు చాలు, చాలాసార్లు కుట్లే ఉండవు. నొప్పి, ఎరుపు తక్కువ, తొందరగా తేరుకుంటారు. అంతమాత్రాన చూపు ఎక్కువొస్తుందనుకోకండి. అది మాక్యులా ఎంత దెబ్బతిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

పొర అతుక్కునేందుకు కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. ఆరు నుంచి ఎనిమిది వారాలుంటుందట. అది కరిగేదాకా విమానం వద్దు, కొండలెక్కొద్దు అన్నారు. తిరుమల మొక్కు వాయిదా పడింది. వారం రోజులు తల దించుకునే ఉండాలంటే, వంటింటి పీట మీద దిండేసి నుదురు ఆనించుకుని ఆ అవస్థ ఆవిడే పడ్డారు. చేతికి ఓ పట్టీ కట్టారు, గ్యాస్ సంగతి రాసి.

మూడో వారం ఆవిడ స్నానాలగదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌లో పూర్తి మత్తిచ్చి సరిచేస్తామన్నారు. బీపీ అడిగారు, షుగరడిగారు. కన్ను ఊసెవరూ ఎత్తలేదు. పట్టీ ఏదీ? పేరంటానికి వెళ్తూ, గాజుల మధ్య అసహ్యంగా ఉందని అంతకుముందు రోజే కత్తిరించేశారట!

స్ట్రెచర్ వెంట పరుగెత్తి, "డాక్టరుగారూ, ఈవిడ కంట్లో గ్యాసుంది" అని అరిచాను. ఆయన ఆగిపోయారు. మత్తులో వాడే నైట్రస్ ఆక్సైడ్ ఆ బుడగలోకి చేరితే అది ఉబ్బుతుందట. కంట్లో ఒత్తిడి పెరిగి, రక్తం అందక చూపు పూర్తిగా పోవచ్చు. ఆయన మనసు మార్చుకుని, చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా ఇంజక్షనిచ్చి పని ముగించారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడే మావారు కంటి ఆసుపత్రికెళ్ళి ఇంకో పట్టీ తెచ్చారు.

ఇప్పుడావిడకు ఆ కంటితో క్యాలెండర్లో పెద్దంకెలు కనిపిస్తాయి. పేపర్లో అక్షరాలు కుదరవు, తలుపు అంచు కాస్త వంకరగా తోస్తుందట. శుక్లం కూడా ముదురుతోంది. ఈ ఆపరేషన్ తర్వాత అది మామూలేనట, దానికీ కత్తి పడాలి.

బుడగ చిక్కిచిక్కి ఆవగింజంతై, ఓ పొద్దున్న కనిపించకుండా పోయింది. డాక్టరు చూసి సరేనన్నాక ఇంటికొచ్చి, ఆవిడే కత్తెర తెచ్చి చెయ్యి చాపారు. "ఇప్పుడు కొయ్యవే. ఆ చేత్తోనే తిరుపతికి టిక్కెట్లు తీయమను."