సినిమా తీసే ముందు చేసే పని



సంక్రాంతి సెలవల తర్వాత సోషల్ మాస్టారి ఫోనుతో మనం పది నిమిషాల సినిమా తీద్దామని అనుకున్నాం కదా. చదువు మానేసి మేకల వెనక తిరిగే ఒక అమ్మాయి కథ. ఆ మాట వచ్చిన రాత్రే మన గదిలో గొడవ మొదలైంది. హీరోయిన్ ఎవరు, ఏ సినిమా పాట పెట్టాలి, డాన్సు ఎవరు వెయ్యాలి అని. లైటు ఆపినా మాటలు ఆగలేదు. మేడం గారు వచ్చి కేకలేసినారు. మర్నాడు నేను మాస్టారిని అడిగాను, డబ్బుల్లేనివాళ్ళు సినిమా ఎలా తీస్తారని. ఆయన చెప్పినవీ నేను చదివినవీ కలిపి రాస్తున్నాను.

కెమెరా పెట్టి తియ్యడమే సినిమా అని నేను అనుకునేదాన్ని. డబ్బు తక్కువ ఉన్నవాళ్ళకి కెమెరా పెట్టక ముందు పనే ఎక్కువంట. షూటింగు మొదలైతే రోజూ ఖర్చే. కెమెరా అద్దె, బండి, అందరికీ భోజనాలు. అక్కడికెళ్ళాక ఈమెకి మాటలు రాలేదు, ఆ పాట ఇంకా కట్టలేదు అంటే అందరూ కూర్చుని తినడమే అవుతాది. అందుకని ఖర్చు లేని పనులన్నీ ఇంటి దగ్గరే ముగించుకోవాలి. మనకి కెమెరా అద్దె లేదు గాని, మాస్టారి ఫోను ఆదివారం ఒక్కరోజే దొరుకుతాది. మనదీ అదే లెక్క.

బెంగాలీలో 'పథేర్ పాంచాలి' అని ఒక సినిమా ఉన్నాది. 1955లో వచ్చింది. తీసినాయన సత్యజిత్ రాయ్. అది ఆయన మొదటి సినిమా. అప్పుడు ఆయన కలకత్తాలో ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగం చేసేవారు. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన నవల అది. బీద ఇంట్లో అక్క దుర్గ, తమ్ముడు అపు, వాళ్ళ అమ్మ, నాన్న, ఒక ముసలి అత్త. నాకు మన ఊళ్ళో ఇల్లే అనిపించింది.

అపు కోసం అయిదు నుంచి ఏడేళ్ళ మగపిల్లలు కావాలని పేపర్లో వేయించారు. చాలామంది వచ్చారు. ఒకరైతే ఆడపిల్లకి క్రాపు కొట్టించి మగపిల్లాడని తీసుకొచ్చారంట! (ఇది చదివి నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను.) ఎవరూ సరిపోలేదు. చివరికి రాయ్ గారి భార్య పక్కింటి దగ్గర ఆడుకుంటున్న ఒక పిల్లాడిని చూసి, వీడే అపు అన్నారు. ఆ పిల్లాడి పేరు సుబీర్ బెనర్జీ. వాడికి నటన రాదు. 1952 అక్టోబరులో రెల్లుపూల చేలో అక్కని వెతుకుతూ నడవాలంటే, తిన్నగా నడిచిపోయేవాడు. అప్పుడు దారిలో చిన్న పుల్లలు వేసి దాటమన్నారు. అక్కడక్కడా మనుషుల్ని దాచిపెట్టి వాడిని పిలిపించారు. వాడు ఆగి అటూ ఇటూ చూస్తే, చూసేవాళ్ళకి అక్కని వెతుకుతున్నట్టే ఉంటాది. అంటే నటన రానివాళ్ళకి 'బాధగా ముఖం పెట్టు' అని చెప్పకూడదు, చెయ్యడానికి ఒక పని ఇవ్వాలి.

మధ్యలో డబ్బులైపోయి సినిమా చాలా నెలలు ఆగిపోయింది. భార్య నగలు తాకట్టు పెట్టారు. ఆఖరికి బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చింది. అంతకాలంలో పిల్లలు పెద్దగా ఎదిగిపోకపోవడం, అపు గొంతు మారకపోవడం, ముసలామె బతికి ఉండడం అదృష్టం అని రాయ్ గారే తర్వాత చెప్పారు. మనం కూడా సినిమా అయ్యేదాకా ఎవరూ జుట్టు కత్తిరించుకోకూడదు. ఒక రోజు తీసిన గౌను రెండో రోజూ అదే వెయ్యాలి, ఉతికి దాచుకోండి.

ఆ ముసలామె చునీబాలా దేవి. ఎప్పుడో నాటకాలు ఆడి మానేసింది. ఎనభై ఏళ్ళ దగ్గర ఉంటాయి. జ్ఞాపకం ఉందా లేదా చూద్దామని పిల్లల పాట ఒకటి చెప్పమంటే, రాయ్ గారికి తెలిసినదానికంటే ఎక్కువ చెప్పిందంట. రోజుకి 20 రూపాయలు ఇచ్చేవారు. సినిమాలో వెన్నెల రాత్రి ఆమె ఒక పాట పాడుతుంది, అది ఆమె సొంత గొంతే. సినిమా బయటికి రాకముందే ఆమె చనిపోయింది. ఆ పాట మాత్రం ఉండిపోయింది.

మన దగ్గర విశాఖపట్నంలో 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది. దర్శకుడు వెంకటేష్ మహా. అందులో ఎక్కువమంది ఆ ఊరివాళ్ళే, ముందెప్పుడూ నటించనివాళ్ళు. వాళ్ళు మాట్లాడుకున్నట్టే మాట్లాడారు. కాబట్టి ఎర్రగా ఉన్న అమ్మాయినే తీసుకోవాలి, మన మాట యాస వస్తే నవ్వుతారు అని మొన్న అన్నవాళ్ళు ఆ సినిమా చూడండి.

ఇంక పాటల సంగతి. సినిమాలో మనుషులు పాడేదీ, ఆడేదీ అయితే ఆ పాట షూటింగుకి ముందే తయారవ్వాలి. లేకపోతే పెదాలకీ అడుగులకీ కలవదు. పెద్దవాళ్ళు పాట ముందే రికార్డు చేసి, అక్కడ స్పీకరులో పెట్టి ఆడిస్తారు. వెనకాల వచ్చే సంగీతం మాత్రం తర్వాత కూడా పెట్టుకోవచ్చు. 'పథేర్ పాంచాలి'కి సితార్ రవిశంకర్ గారు ఒక్క రాత్రిలో, పదకొండు గంటలు కూర్చుని చేశారు. కొంచెం మిగిలిపోతే కెమెరా తీసిన సుబ్రత మిత్రే సితార్ వాయించారు. టైము లేకపోతే ఒకళ్ళు రెండు పనులు చెయ్యాలి మరి.

ఇక్కడ నా మాట ఒకటి. మూడేళ్ళ కిందట మా ఊరికి షూటింగు వాళ్ళు వచ్చారు. మా అమ్మావాళ్ళ చేత పొద్దున్నుంచి ఎండ తిరిగేదాకా థింసా ఆడించారు. తుడుము, డప్పు, మోరి, కొమ్ము అన్నీ వాయించారు మావాళ్ళు. తర్వాత ఫోనులో చూస్తే అడుగులు మావాళ్ళవి, చప్పుడు ఏదో మిషనుది. మా అవ్వ పాడుతుంటే నోరు కదులుతాది, గొంతు లేదు. అవ్వ ఫోను పక్కన పెట్టి "నేను పాడలేదా ఆ దినం?" అన్నాది. ఏం చెప్పాలో నాకు తెలీలేదు.

అందుకని మన సినిమాలో సినిమా పాట వద్దని నేను అంటున్నాను. అది మనది కాదు, వాడాలంటే వాళ్ళని అడగాలి కూడా. కొర్రచేను కాపలా పాట అవ్వకి వచ్చు, తెలుగులో కాదు, మా మాటలో. ఆమెకి డెబ్బై దాటాయి. చలికాలం దగ్గు ఎక్కువ, పాట సగంలో ఆగిపోతాది. సెలవల తర్వాత అంటే ఆలస్యం. మేడం గారు ఒప్పుకుంటే వచ్చే ఆదివారం విజిటర్స్ రోజున అమ్మతోపాటు రమ్మని కబురు పెడతాను. వంటగది వెనక చింతచెట్టు కింద రికార్డు చేద్దాం. గిన్నెల చప్పుడు వినబడకుండా అంట్లు తర్వాత తోముతామని వంటమ్మకి చెప్పాను. మాస్టారిని ఫోను చార్జింగు పెట్టి ఉంచమన్నాను.