తీరము లేని జలధిని లెక్కించుట

విశాఖపట్టణమున రామకృష్ణా బీచి ఒడ్డున, 1969లో నౌకాదళమున ప్రవేశించి 2001లో విరమించిన కుర్సురా జలాంతర్గామి నేడు ప్రదర్శనశాలయై నిలిచియున్నది. రమారమి 91 మీటర్ల పొడవుగల అట్టి ఉక్కుదేహము నీట మునిగి సంచరించువేళ, పరనౌక పంపిన సోనారు ధ్వని దానిని తాకి ఏయే దిక్కులకు ఎంతెంత బలముతో చెదరిపోవునో ముందుగా ఎరుగుట నౌకానిర్మాతకు ప్రాణప్రదమైన విషయము. ఈ చెదరుటనే శాస్త్రజ్ఞులు పరిక్షేపణమందురు.

ఏకపౌనఃపున్యముగల ధ్వనిని వర్ణించు సమీకరణము హెల్మ్‌హోల్ట్జ్ పేర ప్రసిద్ధము. వస్తువు గోళమైనచో దానిని కాగితముమీదనే సాధింపవచ్చును. రెక్కలు, చుక్కాని, ప్రొపెల్లరుగల నౌకకు అట్టి సూత్రము లేదు. కావున గణకులు నౌకచుట్టునున్న జలమును చిన్నచిన్న ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమున పీడనము సరళమైన బీజగణిత రూపమున మారునని భావించి, ఇరుగుపొరుగు ఖండముల విలువలు అంచులయందు కలియునట్లు సమీకరణములను కూర్చి కంప్యూటరుకు అప్పగింతురు. 1943లో కూరంట్ ప్రకటించిన వ్యాసమున దీని బీజము కలదు. 1960లో క్లఫ్ దీనికి పరిమిత మూలక పద్ధతియని నామకరణము చేసెను.

నీట ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును గనుక, 1500 హెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యము ఒక మీటరు. తరంగమునకు పది ఖండములను వాడుక లెక్కచొప్పున, 100 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల లోతుగల జలపేటికకే నాలుగు కోట్ల ఖండములు కావలెను. పౌనఃపున్యము పదింతలైనచో ఆ సంఖ్య వేయింతలగును. అంతటితోనైన తీరదు. లెక్కలోని తరంగము నిజతరంగముకంటె ఇంచుక వేగభేదముతో నడచును. చుక్కకు చుక్కకు నడుమ వెంట్రుకవాసి తప్పిన ముగ్గు వాకిలి ఆవలికొసకు చేరునప్పటికి ఎట్లు కలియక పోవునో, అట్లే నౌక ఒకకొననుండి రెండవకొనకు తొంబదికి మించిన తరంగములు గడచునప్పటికి శిఖరములు తావు తప్పును. కాలుష్యమని పేరుగాంచిన ఈ దోషమును, ఒకటికి మించిన పరిమాణములయందు ఇట్టి పద్ధతులు సమూలముగా తొలగింపజాలవని బాబుష్కా, సౌటర్ 1997లో నిరూపించిరి. ఖండములలోని బీజగణిత రూపమునకు ఘాతము పెంచి దీనిని చాలవరకు అణచవచ్చును.

నాకు అన్నిటికంటె మనోహరముగ తోచునది హద్దుల సమస్య. సాగరమునకు అంతము కానరాదు. కంప్యూటరు స్మృతికి కలదు. జలపేటిక గోడకు తగిలిన తరంగము వెనుదిరిగినచో, లోకమున లేని గోడ ప్రతిధ్వని నౌక ప్రతిధ్వనితో కలసి ఫలితమునంతను చెరచును. దూరమున తరంగములు వెలికి పోవలసినవేగాని లోనికి రాగూడదను నియమమును సోమర్‌ఫెల్డ్ 1912లోనే చెప్పెను. దానిని పరిమితమైన పేటికలో పాటించుట కష్టము. 1994లో బెరంజే విద్యుదయస్కాంత తరంగములకై ఒక కల్పిత పొరను ప్రతిపాదించెను: తరంగము ఏ కోణమున వచ్చినను దాని ముంగిట పరావర్తనము పొందక లోన ప్రవేశించి, అడుగడుగునకు క్షీణించి నశించును. ధ్వనిశాస్త్రజ్ఞులును దానిని ఆదరముతో స్వీకరించిరి. ఖండములుగా కోసిన పిమ్మట ఆ పొరయు కొంత ప్రతిధ్వనించును గనుక, దాని మందమును, శోషణశక్తిని నేర్పుతో ఎంచుకొనవలెను.

కావుననే క్రొత్త ప్రోగ్రామును మొదట గోళముపై నడిపి, చేతిలెక్కతో సరిచూచి, పేటికను పెంచి, ఖండముల పరిమాణమును తగ్గించి మరల గణించి, జవాబు కదలనప్పుడే నౌక జోలికి పోవుదురు.